ఆఖరి ముక్కకీ నాలుగు పొరలు

ప్లేనో, టెక్సస్
నవంబర్ 15

చి. లాస్యకు,

   

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. మీ మేనేజర్ ఇంట్లో థాంక్స్‌గివింగ్ భోజనానికి పిలిచారట. ఎవరేం తెస్తారో రాసే కాగితంలో డెజర్ట్ అన్నచోట పేరు రాసేసి ఇప్పుడు గాభరా పడుతున్నావట. ఇరవైమంది దాకా వస్తారట కూడానూ. వాట్సాప్‌లో ఏదో ఒక రెసిపీ పంపి ఊరుకోవచ్చు. కానీ ఇలాంటి చోట కొలతలకన్నా చెప్పుకోవాల్సిన మాటలే ఎక్కువ ఉంటాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గులాబ్ జామ్ పట్టుకెళ్దామనుకున్నావట. బాగానే ఉంటుంది, ఎవరూ కాదనరు. అయితే నువ్విప్పుడు జార్జియాలో ఉన్నావు. ఆ నేల వంట ఒకటి నేర్చుకుని, ఆ నేలవాళ్ళ బల్లమీదే పెడితే వాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో చూడు. నేను చెప్పేది నాలుగు పొరల చాకొలెట్ పుడ్డింగ్. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని చాలామంది చాకొలెట్ డిలైట్ అంటారు. ఫోర్ లేయర్ డిలైట్ అనేవాళ్ళూ ఉన్నారు. వెనకటి తరం ఆడవాళ్ళు దీనికి సినిమా హీరో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ పేరు కూడా పెట్టుకున్నారు, ఆయన తర్వాత అంత బాగుండేది ఇదేనని. ఇంకా కొన్ని పేర్లున్నాయిలే, పిన్ని నీకు రాసే ఉత్తరంలో రాయదగ్గవి కావు. నువ్వు ట్రే మూత తియ్యగానే ఎవరో ఒకరు "మా అమ్మమ్మ దీన్ని ఇంకో పేరుతో పిలిచేది" అని మొదలుపెడతారు. కొత్త చోట మాటలు కలవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక అసలు విషయం. వడ్డించేవాడు మనవాడైతే ఆఖరి బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు మనవాళ్ళు. ఇలా తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆ వడ్డించేవాడే ఉండడు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి ఎవరికి కావాల్సింది వాళ్ళే వేసుకుంటారు. కలుపుకున్న వంటైతే చిక్కు లేదు. పొరల వంటలో మాత్రం ముందొచ్చినవాళ్ళు పైనున్న క్రీము గీసుకుపోతే వెనకాలవాళ్ళకి అడుగు మాడు మిగులుతుంది. కాబట్టి వడ్డించే మనిషి చెయ్యాల్సిన పనంతా నువ్వు ముందే చేసిపెట్టాలి. వరుసలో ఆఖరున నిలబడ్డ మనిషికి కూడా నాలుగు పొరలూ దక్కాలి. ఇప్పుడు నేను రాసేదంతా దానికోసమే.

ముందు సరుకులు. బుధవారం సాయంత్రం షాపులు తిరునాళ్ళలా ఉంటాయి, గురువారం చాలావరకు మూసేస్తారు. సోమ, మంగళవారాల్లోనే తెచ్చుకో. మైదా ఒకటిన్నర కప్పు, బటర్ ఒకటిన్నర స్టిక్కు, పీకన్ గింజలు ఒక కప్పు. ఎనిమిది ఔన్సుల క్రీమ్ చీజ్ ఒకటి, పంచదార పొడి ఒక కప్పు, కూల్ విప్ అనే గిలక్కొట్టిన క్రీము ఎనిమిది ఔన్సుల డబ్బాలు రెండు. చాకొలెట్ ఇన్‌స్టంట్ పుడ్డింగ్ 3.9 ఔన్సుల పెట్టెలు రెండు, చల్లటి పాలు మూడు కప్పులు. ట్రే 9×13 అంగుళాలది. అమెరికాలో పదిమందికి చేసే వంటలన్నిటికీ ఆ కొలతే కొలత.

పుడ్డింగ్ పెట్టె తీసుకునేటప్పుడు మాత్రం కళ్ళు పెట్టి చదువు. ఒకే రంగు, ఒకే బొమ్మతో రెండు రకాలుంటాయి. ఒకటి పొయ్యిమీద ఉడికించేది, రెండోది ఇన్‌స్టంట్. మనకి కావలసింది రెండోది. దాన్ని ముందే ఉడికించి పొడి చేసిన పిండితో చేస్తారు కాబట్టి చల్లటి పాలల్లోనే చిక్కబడుతుంది. అందులో వేసే ఫాస్ఫేట్ లవణాలు పాలల్లోని ప్రొటీన్‌ని పట్టుకుని గడ్డకట్టిస్తాయి. అందుకే బాదం పాలో సోయా పాలో పోస్తే పల్చగా నీళ్ళలాగే ఉండిపోతుంది. మామూలు పాలే వాడు.

ఈ పుడ్డింగ్ పెట్టెలమీద జెల్-ఓ అని ఉంటుంది చూడు, అదే పేరుతో జెలటిన్ కూడా అమ్ముతారు, రంగురంగుల జెల్లీ. జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్ళో జెల్-ఓ పేరు పుట్టింది దాంతోనే. పుడ్డింగులు తర్వాత వచ్చాయి, వాటిని చిక్కబరిచేది మొక్కజొన్న పిండి. ఆ భోజనానికి మన శాకాహారులు ఒకరిద్దరైనా వస్తారుగా, వాళ్ళకోసం చెప్తున్నాను. పైన అందంగా ఉంటుందని మార్ష్‌మాలోలు కూడా చల్లకు. వాటిల్లోనూ జెలటినే ఉంటుంది. ఈ వంటలో గుడ్డు ఎక్కడా పడదు. గుడ్డు తినని మనవాళ్ళు అమెరికా డెజర్ట్ బల్ల దగ్గర నిలబడి వెతుక్కునేది ఆ మాట కోసమే కదా.

ఇప్పుడు మొదటి పొర. పీకన్లని పొడి బాణలిలో సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక ముతగ్గా తరుగు. మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దైపోతుంది, కత్తితోనే తరుగు. మైదాలో చల్లటి బటర్ ముక్కలు వేసి, రెండు చిటికెల ఉప్పు కలిపి, వేళ్ళ కొసలతో నలుపుతూ పో. తడి ఇసుకలా అవుతుంది. పీకన్లు కలిపి ట్రేలో పరిచి, గ్లాసు అడుగుతో మూలలదాకా సమంగా అదుము. 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు, అంచులు లేత గోధుమరంగుకి తిరిగేదాకా. గాజు ట్రే అయితే వేడివేడిగా తడి గట్టుమీద పెట్టకు, పగిలిపోతుంది. మడత పెట్టిన పొడిగుడ్డ మీద పెట్టు.

పీకన్ల బదులు జీడిపప్పు వేస్తే ఏమని అడుగుతావేమో, మీ అమ్మ అదే అడిగింది. రుచి బాగానే ఉంటుంది, కానీ అక్కడి వంట అనిపించదు. పీకన్ ఈ ఖండంలోనే పుట్టిన చెట్టు. మా టెక్సస్‌కి 1919 నుంచీ రాష్ట్ర వృక్షం అదే. మీ జార్జియాలో తోటలకి తోటలే ఉన్నాయి. మంచి రకాలకి అంట్లు కట్టడం మొదట సాధించినవాడు లూసియానాలోని ఓక్ ఆలీ ఎస్టేట్‌లో బానిసగా పనిచేసిన ఆంట్వాన్ అనే తోటమాలి. 1840లలో మాట ఇది. ఆ అంట్ల కాయలే 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి కొట్టాయి. చరిత్రలో ఆయన ఇంటిపేరు కూడా మిగల్లేదు. ఇవాళ దుకాణంలో పల్చటి పెంకుతో, నిండు గింజతో దొరుకుతున్న పీకన్ల వెనక ఆయన చెయ్యి ఉంది. అందుకే ఆ గింజ జోలికి వెళ్ళొద్దంటాను.

కాల్చిన అడుగు పూర్తిగా చల్లారాలి. ట్రే అడుగున అరచెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉన్నా ఆగు. వెచ్చటి అడుగుమీద క్రీమ్ చీజ్ పడితే కరిగి, జారి, పొర అన్నదే మిగలదు.

రెండో పొర క్రీమ్ చీజ్. దీన్ని గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయటపెట్టు. చల్లగా ఉన్నప్పుడు కలిపితే సన్నటి ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత ఎంత గిలక్కొట్టినా పోవు. మెత్తబడ్డాక పంచదార పొడి వేసి నున్నగా గిలక్కొట్టి, ఒక కప్పు కూల్ విప్ వేసి గరిటెతో మెల్లిగా కలిపెయ్యి. తీపి ఎక్కువ ఇష్టపడనివాళ్ళు ఉంటే పంచదార ముప్పావు కప్పు చాలు, అంతకన్నా తగ్గించకు.

పరిచేటప్పుడు కాస్త ఓపిక కావాలి. అంతా తెచ్చి ఒకేచోట పోసి లాగబోయావంటే కింది మైదా పొడి పొడిగా లేచి క్రీములో కలిసిపోతుంది. చెంచాతో తీసి పన్నెండు, పదిహేను చోట్ల చిన్న చిన్న ముద్దలుగా పెట్టు. తర్వాత వెడల్పాటి చాకు వెనకవైపుతో ఒక ముద్దని పక్క ముద్దదాకా నెట్టు. చాకు పైకి ఎత్తకుండా క్రీము మీదనే నడిపించు. మధ్యలో ఎలాగూ సర్దుకుంటుంది, నువ్వు చూసుకోవాల్సింది అంచులు. ట్రే గోడకి క్రీము ఆనాలి, నాలుగు మూలల్లోకీ వెళ్ళాలి. ఎందుకంటావా? ఆ క్రీమ్ చీజ్‌లో ఉన్న కొవ్వే పుడ్డింగ్ తడిని కిందికి దిగనివ్వకుండా ఆపుతుంది. ఎక్కడైనా సందు వదిలావంటే ఆ సందులోంచి తడి దిగి, తెల్లారేసరికి అడుగు నానిపోతుంది. మర్నాటికి కూడా అడుగు కరకరలాడిందంటే ఆ పుణ్యం రెండో పొరదే.

క్రీమ్ చీజ్ ఊసెత్తాను కాబట్టి ఒక సరదా సంగతి. డబ్బామీద ఫిలడెల్ఫియా అని ఉంటుంది చూడు, ఆ చీజ్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో. చెస్టర్ అనే ఊళ్ళో విలియం లారెన్స్ అనే పాలవ్యాపారి 1872 ప్రాంతంలో మొదలుపెట్టాడు. పాలూ వెన్నా అంటే ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాకి పెద్ద పేరు, అందుకని 1880లో ఆ ఊరి పేరు తగిలించారు. మనవాళ్ళు ఎక్కడ కాచిన నెయ్యికైనా గుంటూరు పేరు పెట్టి అమ్మరూ, అలాగే.

మూడో పొర పుడ్డింగ్. రెండు పెట్టెలకి పాలు నాలుగు కప్పులని పెట్టెమీద ఉంటుంది. అది గిన్నెలో పోసుకుని చెంచాతో తినే కొలత. మనకి ముక్క కొయ్యాలి కాబట్టి మూడు కప్పులే పొయ్యి. పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవై ఉండాలి. రెండు నిమిషాలు గిలక్కొట్టి, అయిదు నిమిషాలు వదిలెయ్యి. చెంచా తిరగేస్తే జారకుండా ఉన్నప్పుడు తెల్లపొర మీద ఇందాక చెప్పినట్టే ముద్దలుగా పెట్టి పరుచు.

నాలుగో పొర మిగిలిన కూల్ విప్. రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చుకుంటే పరవడానికి వీలుగా ఉంటుంది. డబ్బా క్రీమేమిటి, అసలైన క్రీము గిలక్కొట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. నిజమే, రుచికి అసలు క్రీమే మేలు. కానీ మర్నాటికల్లా అది నీరు వదులుతుంది. 1966లో వచ్చినప్పటి నుంచీ కూల్ విప్ ఇలాంటి వంటల్లో పాతుకుపోయింది రెండోరోజు కూడా కదలకుండా నిలబడుతుందనే. ముందురోజు చేస్తే డబ్బాది, అదేరోజు చేసి అదేరోజు పెడితే అసలుది. పైన కాస్త కోకో పొడి జల్లెడ పట్టి, గుప్పెడు పీకన్లు చల్లు. ఆ కోకో చేదు వల్లే తీపి మొహం మొత్తకుండా ఉంటుంది.

"అన్నీ డబ్బాలూ పెట్టెలేగా, దీన్నీ వంటంటారా?" అని మీ అమ్మ ఫోన్లో నవ్వింది. అంటాను. ఈ దేశంలో ఊళ్ళో ఆడవాళ్ళంతా తలో వంటా రాసిచ్చి, పుస్తకం అచ్చువేసి, అమ్మిన డబ్బు మంచిపనికి ఇచ్చే అలవాటు అంతర్యుద్ధం రోజుల నుంచీ ఉంది. 1864లో ఫిలడెల్ఫియాలో గాయపడ్డ సైనికుల సాయం కోసం వంటల పుస్తకం ఒకటి వేశారు. తర్వాత చర్చిలూ మహిళా సంఘాలూ ఆ అలవాటు అందుకున్నాయి. స్పైరల్ బైండింగ్‌తో ఉండే ఆ చర్చి పుస్తకాలు ఇప్పటికీ పాతపుస్తకాల కొట్లలో దొరుకుతాయి. చాకొలెట్ డిలైట్ ఇల్లిల్లూ తిరిగింది అలాంటి పుస్తకాల్లోనే. ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ, ఆదివారం చర్చికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాల్సిన ఆడవాళ్ళు దాచుకున్న వంట ఇది. ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరే నీకు ఇంతకన్నా అచ్చొచ్చే వంట లేదు.

బుధవారం రాత్రే చేసేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. కనీసం నాలుగు గంటలు, రాత్రంతా ఉంటే మరీ మంచిది. గురువారం బయల్దేరే ముందు నీ ఇంట్లోనే ముక్కలు కొయ్యి. చాలామంది ఈ పని అక్కడికెళ్ళాక చేద్దామని వదిలేస్తారు. అక్కడ కత్తి దొరకదు, దొరికినా బల్లచుట్టూ జనం. పొడవుపక్క ఆరు, వెడల్పుపక్క నాలుగు, మొత్తం ఇరవైనాలుగు ముక్కలు. ఒక్కోటి ఇంచుమించు రెండుంపావు అంగుళాల చదరం వస్తుంది. చిన్నవనుకోకు. టర్కీ, బంగాళదుంపలు, గుమ్మడికాయ పై అన్నీ అయ్యాక ఎవరికైనా అంతే పడుతుంది. కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, నిలువుగా దించు, ముందుకీ వెనక్కీ రంపంలా లాగకు. ప్రతి కోతకీ మళ్ళీ ముంచు, మళ్ళీ తుడువు. మూలనున్న మొదటి ముక్క తీసేటప్పుడు ఎలాగూ విరుగుతుంది. అది నువ్వు తినెయ్యి. ఆ ఖాళీలోంచి అట్లకాడ అడుగుదాకా వెళ్తుంది, అక్కణ్ణించి ఎవరు తీసుకున్నా నాలుగు పొరలూ కలిసే వస్తాయి. ట్రే పక్కన చెంచా పెట్టకు. చెంచా కనబడితే పైపైన తవ్వుకుంటారు. చదునైన అట్లకాడే పెట్టు.

ఇంకో పని. ఒక కార్డుమీద పెద్ద అక్షరాలతో ఇందులో ఏమేమున్నాయో రాసి ట్రే ముందు నిలబెట్టు. పీకన్లు, గోధుమ, పాలు ఉన్నాయి, గుడ్డు లేదు, జెలటిన్ లేదు అని. సోయా ఉందో లేదో పెట్టెల వెనక చూసి రాయి. ఈ దేశంలో పీకన్లలాంటి గింజల అలర్జీ అంటే ప్రాణాలమీదికొచ్చే వ్యవహారం. ప్యాకెట్లమీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాలు తొమ్మిది, 2023 నుంచి నువ్వులు కూడా ఆ జాబితాలో చేరాయి. షాపు సరుక్కి చట్టం ఉంది. ఇంటి వంటకి నీ కార్డే ఆధారం. సిగ్గుపడి అడగలేని పిల్లాడు, అందరిముందూ అడిగితే ఏమనుకుంటారోనని ఆకలితో లేచిపోయే మన శాకాహారి, ఇద్దరూ ఆ కార్డు చూసి నిశ్చింతగా తీసుకుంటారు, లేదా నిశ్చింతగా వదిలేస్తారు. నాకు తెలిసి అతిథికి ఇంతకన్నా పెద్ద మర్యాద లేదు. మేనేజర్ ఇంట్లోవాళ్ళకి గింజల అలర్జీ ఉందేమో ముందే ఒక మెసేజ్ పెట్టి కనుక్కో. ఉందంటే పీకన్లు మానేసి అడుగు ఉత్త మైదా, బటర్‌తోనే చెయ్యి.

కారులో ట్రేని సీటుమీద కాకుండా కింద, కాళ్ళ దగ్గర చదునుగా పెట్టు. వెళ్ళగానే వాళ్ళ ఫ్రిజ్‌లో చోటడుగు, డెజర్ట్ వేళకే బయటికి తియ్యి. పాల పదార్థం కాబట్టి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండాకాలంలో ఆరుబయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఒక్క గంటే. మిగిలింది అక్కడే ఇచ్చేసి రా. ట్రే అడుగున టేపు అంటించి నీ పేరు రాసుకో. తర్వాత ఎప్పుడో ఆ ట్రే కడిగి ఖాళీగా తిరిగి ఇస్తారు. మనలో ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాద కాదు, అక్కడ శుభ్రంగా కడిగివ్వడమే మర్యాద. మనసులో పెట్టుకోకు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి చేసిపెడతానంటే అవెన్ కూడా అక్కర్లేదు. మారీ బిస్కెట్లు పొడిచేసి కరిగించిన వెన్నతో అదిమితే అడుగు సిద్ధం. రాత్రంతా గుడ్డలో వేలాడగట్టిన చిక్కటి పెరుగులో పంచదార పొడి కలిపితే రెండో పొర. మూడో పొర పుడ్డింగ్‌కి అరలీటరు పాలకి మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, మూడు చెంచాల కోకో, ఆరు చెంచాల పంచదార. కార్న్‌ఫ్లోర్, కోకో ముందు చల్లటి పాలల్లో ఉండలు లేకుండా కలుపుకుని, తర్వాత పొయ్యిమీద పెట్టి కలుపుతూనే ఉండాలి. ఉడుకు పట్టాక కూడా ఒక నిమిషం ఉంచాలి, లేకపోతే పచ్చిపిండి రుచి పోదు. చల్లారేటప్పుడు పైన మీగడలా కట్టకుండా ప్లాస్టిక్ కాగితం పుడ్డింగ్‌కి ఆనేలా కప్పు.

కొలతల దగ్గర అనుమానం వస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. ఒక్కటి మాత్రం మర్చిపోకు. వరుసలో అందరికన్నా వెనక నిలబడు, నీ ట్రే దగ్గరికి నువ్వే ఆఖరున రా. అప్పుడు మిగిలిన ముక్క ఎలా ఉందో చూసి నాకు చెప్పు. బాగుంది, అందరూ మెచ్చుకున్నారు అని చెప్తే నేను నమ్మను. ఆఖరి ముక్క ఎలా ఉందన్నదే నాకు కావాలి.

ఆశీస్సులతో,
నీ పిన్ని